ఒకరికి ఒకే ఉద్యోగం

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో స్నానాలగది తలుపు దగ్గర తగువు రోజూ ఉండేదే. లోపల కూతురు. బయట తువ్వాలు భుజాన వేసుకుని తండ్రి. హాల్లో కిటికీ పక్కన చేతులు చాపి నడుము వంచుతూ నానమ్మ. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయింది. ఉద్యోగం వదిలినా డ్రిల్లు వదల్లేదు. గొంతు అసలే వదల్లేదు.

"తూనీగా! ఎనిమిదింటికి బస్సు. ఇంకెంతసేపే?" అన్నాడు తండ్రి.

"రెండే నిమిషాలు నాన్నా!"

"ఒరేయ్, అది లోపలికి వెళ్ళిన దగ్గర్నుంచీ రెండే నిమిషాలంటోంది. నువ్వు వంటింటి కుళాయి దగ్గర మొహం కడుక్కుని బయల్దేరు," అంది నానమ్మ, వంచిన నడుము ఎత్తకుండానే.

తూనీగ అన్నది నానమ్మ పెట్టిన పేరు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా నిలబడేది కాదు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళొచ్చాయి, విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అయినా ఆ పేరు వదల్లేదు.

తండ్రి అదే విశ్వవిద్యాలయంలో ప్లేస్‌మెంట్ ఆఫీసరు. కంపెనీలని పిలవడం, హాలు సిద్ధం చేయించడం, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడం, ఎవరికి ఉద్యోగం వచ్చిందో కాగితం బోర్డుకి అతికించడం. పదకొండేళ్ళుగా ఇదే పని. రూలంటే రూలే అంటాడని విద్యార్థులు చాటుగా ఆయన్ని రూళ్ళకర్ర అని పిలుస్తారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. లోలోపల కాస్త ముచ్చట కూడా.

ఆ రోజు టిఫిన్ బల్ల దగ్గర రొట్టెముక్క నోట్లో పెట్టుకోబోతూ ఫోను చూశాడు. చూసి, ముక్కని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏమండీ, ఏమైంది?" అంది భార్య. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో కంటిపరీక్షలు చేస్తుంది. ఎదుటివాళ్ళ కనుపాప కదిలిన తీరు బట్టే మనసులో మాట పట్టేస్తుందని ఇంట్లో అందరికీ భయం.

"ఏం లేదు. ఒక కంపెనీ వస్తామంటోంది. వచ్చే గురువారం."

"ఏ కంపెనీ నాన్నా?" అంటూ తల తుడుచుకుంటూ వచ్చింది తూనీగ.

దాచి లాభం లేదు. మధ్యాహ్నానికల్లా బోర్డు మీద తనే పెట్టాలి. "సముద్రం కంపెనీ," అన్నాడు.

తూనీగ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. సముద్రం మీద తేలుతూ అలల ఎత్తు, నీటి వేడి, గాలి వేగం కొలిచి ఒడ్డుకి కబురు పంపే పరికరాలు చేసే కంపెనీ అది. మూడేళ్ళుగా ఆ పిల్ల గోడ మీద ఆ పరికరం బొమ్మే. ఈ ఏడు రామని వాళ్ళు ముందే చెప్పారు. ఇప్పుడేమో మనసు మార్చుకున్నారు.

"మరి నేను?" అంది.

తండ్రి పళ్ళెంలోకి చూశాడు. జవాబు చెప్పాల్సిన పని లేదు. రెండు వారాల క్రితమే తూనీగకి ఉద్యోగం వచ్చేసింది. దుకాణాల్లో వాడే తూకం యంత్రాలు చేసే కంపెనీ. నియామకాల మొదటి రోజు వచ్చింది. "ప్రాక్టీసుకి కూర్చోవే, ఇంటర్వ్యూ భయం పోతుంది," అన్నది తండ్రే. కూర్చుంది. వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో కేకు కోసి, నానమ్మ చేత పాట కూడా పాడించారు.

ఆయన స్వయంగా రాసిన రూలు ఆఫీసు గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది: 'ఒకరికి ఒకే ఉద్యోగం. చేతిలో ఉద్యోగం ఉన్న విద్యార్థి మరో ఇంటర్వ్యూకి కూర్చోరాదు.'

ఆయన చేరిన మొదటి ఏడు ఆ రూలు లేదు. తొమ్మిదిమంది చురుకైన పిల్లలే ముప్ఫై ఉద్యోగాలు పోగేసుకుని, తలా ఒకటి ఉంచుకుని, మిగతావి జూన్ నెలలో వదిలేశారు. అప్పటికి కంపెనీలన్నీ వెళ్ళిపోయాయి. ఖాళీ చేతులతో సంచులు సర్దుకున్న మిగతా పిల్లల్ని ఆయన బస్టాండు దాకా వెళ్ళి సాగనంపాడు. ఆ రాత్రే ఈ రూలు రాశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అసలు గొడవ మొదలైంది.

"నాన్నా, ఆ తూకాల కంపెనీకి వెళ్తానని నేనడిగానా? ప్రాక్టీసుకి కూర్చోమన్నది ఎవరు?"

"నేనే. కాదన్నానా?"

"మరైతే నన్ను గురువారం కూర్చోనీ."

"నలభై ఒక్కమంది ఉన్నారమ్మా, ఇంకా ఒక్కటి కూడా రానివాళ్ళు. ఒకటి వచ్చిన నిన్ను తీసుకెళ్ళి వాళ్ళ వరసలో నిలబెడితే రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?"

"నా మొహం ఎలా చూస్తావు మరి?"

ఆ మాట ఆయనకి సూదిలా గుచ్చుకుంది. భార్య కల్పించుకుంది. "ఏమండీ, ఆ రూలు రాసింది మీరేగా. రాసిన చేత్తో ఒక్కరోజు పక్కన పెట్టలేరా? ఎవరి కోసమో కాదు, మన పిల్ల కోసం."

"మన పిల్ల కాబట్టే పెట్టలేను."

"అబ్బో! ఊళ్ళో పిల్లలందరికీ మీరు దేవుడు. ఇంట్లో పిల్లకి మాత్రం గోడ మీద కాగితం!"

"అత్తాకోడళ్ళు కలిసి నన్ను ఏమైనా అనుకోండి..."

"నేనేమన్నానురా మధ్యలో? ఇంతవరకూ నోరే తెరవలేదే!" అంది నానమ్మ, చారు గిన్నె ముందుకి లాక్కుంటూ.

తూనీగ గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వెయ్యలేదు, మెల్లగా వేసింది. ఆ మెల్లగా వేయడమే ఆయనకి ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు పదిన్నరకి ప్లేస్‌మెంట్ ఆఫీసు కిటికీ ముందు ఏడుగురు విద్యార్థులు వరసలో నిలబడ్డారు. గురువారం ఇంటర్వ్యూకి పేర్లు నమోదు చేసుకునేవాళ్ళు. ఆరోది తూనీగ. మధ్యలోంచి రాలేదు, పక్క తలుపులోంచి రాలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, కిటికీలోంచి ఒక కాగితం లోపలికి తోసింది.

"సార్, ఇది తీసుకోండి."

ఆఫీసులో ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. మొదటి ఏడాదిలో ఆయన పెట్టిన షరతు అది. కానీ ఆ రోజు ఆ సార్ కొత్తగా వినిపించింది.

కాగితంలో నాలుగే వాక్యాలు. తూకం యంత్రాల కంపెనీ ఇచ్చిన ఉద్యోగాన్ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాననీ, దాన్ని వెయిటింగ్ లిస్టులో తర్వాత ఉన్నవారికి ఇవ్వమనీ, ఇప్పుడు చేతిలో ఉద్యోగం లేదు కాబట్టి గురువారం ఇంటర్వ్యూకి పేరు రాసుకోమనీ. కింద సంతకం, రోల్ నంబరు.

ఆయన కిటికీ దగ్గరగా వంగి, గొంతు తగ్గించి, "ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అన్నాడు.

"ఇది ఇంట్లో మాట్లాడేది కాదు సార్. వదులుకోకూడదని రూల్లో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను."

ఆయన పక్కనున్న గుమస్తా వైపు చూశాడు. ఆవిడ గభాలున రూళ్ళ ఫైలు తీసి, వేలు పెట్టి పై నుంచి కింది దాకా చదివింది. "అవును సార్. లేదు," అంది. తను చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆవిడకి వెంటనే తెలిసింది గానీ, అప్పటికే మాట బయటికొచ్చేసింది.

నిన్న ఆఫీసరు వద్దన్నాడు, తండ్రి బాధపడ్డాడు. ఇవాళ ఆఫీసరు సరేననాలి, తండ్రికేమో కిటికీ రెక్క దించేయాలనిపిస్తోంది. వెనకాల ఏడో విద్యార్థి గడియారం చూసుకుంటున్నాడు.

ఆయన ముద్ర తీసి కాగితం మీద వేశాడు. ముద్ర వంకరగా పడింది. పదకొండేళ్ళలో అలా ఎప్పుడూ పడలేదు.

"తర్వాత," అన్నాడు.

మధ్యాహ్నం ఆయన వెయిటింగ్ లిస్టు తీశాడు. మొదటి పేరు తూనీగ తరగతిలోని పొడుగమ్మాయిది. ఏడు ఇంటర్వ్యూలకి వెళ్ళింది, ఏడూ పోయాయి. గడచిన వారమే వచ్చి, దరఖాస్తులో ఫోటో మారిస్తే ఏమైనా లాభముంటుందా సార్ అని అడిగి వెళ్ళింది. ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"సార్, నిజంగా నాకేనా? ఇంకోసారి నా రోల్ నంబరు చూడండి సార్, ప్లీజ్."

చూసి, అంకెలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాడు. అవతల పెద్దగా ఏడుపు, వెనకాల ఎవరో కంగారుగా ఏమైందే ఏమైందే అని అడగడం వినబడ్డాయి. ఫోన్ పెట్టేశాక ఆయన టీ తాగుదామని లేచి, తాగకుండానే మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"చేతిలో ఉన్నదాన్ని వదిలేసిందట! మీరు దాని మీద ముద్ర కూడా వేశారట!"

"నిన్న రూలు పక్కన పెట్టమని అన్నది నువ్వేగా?"

"రూలుని పక్కన పెట్టమన్నానండీ, పిల్లని పక్కన పడేయమన్నానా? అది రేపు అక్కడా రాక, ఇక్కడా లేక..." ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, నాన్నని ఏమీ అనకు. నా కాగితం, నా సంతకం," అంది తూనీగ. మాట ధీమాగానే ఉంది. గోళ్ళు మాత్రం కొరుక్కుంటోంది.

నానమ్మ కుర్చీలోంచి లేచింది. "నా బళ్ళో పిల్లలు డ్రిల్లులో ఎత్తు చెక్కపెట్టె మీంచి దూకేవాళ్ళు. ఒకసారి కాళ్ళు నేల వదిలాక, అయ్యో దూకావేంటే అని కింద నుంచి ఎవరైనా కేకలేస్తే పిల్లలు సరిగ్గా అప్పుడే పడేవాళ్ళు. అది దూకేసింది. మీరిద్దరూ పట్టుకునేలా ఉంటే చేతులు చాపండి. లేకపోతే పక్కకి జరగండి. అన్నం చల్లారిపోతోంది."

మర్నాటి నుంచి భార్య దుకాణం నుంచి తొందరగా రావడం మొదలుపెట్టింది. తూనీగ ఎదురుగా కూర్చుని, ఇంటర్వ్యూ చేసేవాళ్ళలా ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చి ప్రశ్నలు వేసేది. ఒక్క ప్రశ్నకీ జవాబు ఆవిడకి తెలియదు. అయినా ప్రతి జవాబుకీ, "ఊఁ, ఇంకాస్త గట్టిగా చెప్పు," అనేది.

గురువారం వచ్చింది. సెమినార్ హాలు ముందు బ్యానరు కట్టారు. సముద్రం కంపెనీవాళ్ళు పసుపు రంగు పరికరం ఒకటి, మనిషంత ఎత్తుది, తెచ్చి వరండాలో నిలబెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఇస్త్రీ చొక్కాలు, అరువు కోట్లు, కొత్త బూట్లు కరిచి కుంటుతూ నడిచేవాళ్ళు. తూనీగ ఫోటో దిగలేదు. ఆ పరికరం చుట్టూ మూడుసార్లు తిరిగి, అడుగున ఉన్న మూతని వేలితో తట్టి చూసింది.

ఆయన ఆ రోజు హాలు ఛాయలకి కూడా పోలేదు. గుమస్తాని పంపి, తను ఆఫీసులో కూర్చుని ఒకే ఉత్తరాన్ని ఐదుసార్లు చదివాడు.

నాలుగున్నరకి కవరు వచ్చింది. విప్పాడు. రెండు పేర్లు. తూనీగ పేరు లేదు.

రెండు పేర్లూ ఆ నలభై ఒక్కమందిలోవే. ఒకతను ప్రతి కంపెనీ వచ్చినప్పుడూ ఊరవతల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేవాడు. రూలు రాసిన మనిషిగా ఆయన సంతోషపడాలి. పడ్డాడు కూడా. ఆ సంతోషం కింద ఇంకేదో కలుక్కుమంటోంది. కాగితం పట్టుకుని వరండాలోకి నడిచాడు. బోర్డు దాకా ముప్ఫై అడుగులు. ఆ ముప్ఫై అడుగులూ కూతురికి తెలియంది తనకి తెలుసు.

అతికించి పక్కకి తప్పుకున్నాడు. పిల్లలు మూగారు. తూనీగ వెనక నుంచే చదివింది. పొడగరి కాదు గానీ, లేని పేరు చదవడానికి ఎంతసేపు! తర్వాత ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపింది. అప్పుడు ఆయన దగ్గరికి వచ్చింది.

"సార్, ఉద్యోగం రానివాళ్ళ లిస్టులో నా పేరు రాసుకోండి. ముప్ఫై తొమ్మిదికి చేరుతుంది."

"రాశాను," అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు. మామూలుగా ఆమె స్నేహితురాళ్ళతో వెనక కూర్చునేది. ఇవాళ ఆయన పక్కన కూర్చుంది. స్టాపులో దిగాక ఇంటికి పది నిమిషాల నడక. టైర్ల దుకాణం దాటాక ఆయన ఆగాడు.

"తల్లీ, నీకొకటి చెప్పాలి. మొదటి రోజు నిన్ను కూర్చోమన్నది ప్రాక్టీసు కోసం కాదు."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నాకు భయమేసింది. అందరి పిల్లలకీ ఉద్యోగాలిప్పించేవాడి కూతురికి ఏదీ రాకపోతే? నలుగురూ ఏమంటారు? ఏదో ఒకటి వచ్చేస్తే నేను ప్రశాంతంగా ఉండొచ్చని. నీ కోసం కాదే. నా నిద్ర కోసం. సముద్రం కంపెనీ రాదులే, ఇదే చాల్లే అని నేనే అనుకున్నాను. నిన్ను అడగలేదు."

చెబుతుండగానే ఏడుపొచ్చేసింది. రోడ్డు మీద అలా ఏడవడం ఆయన ఎప్పుడూ ఎరగడు. టైర్ల దుకాణంవాడు మర్యాదగా అటు తిరిగాడు.

"నాకు తెలుసు నాన్నా," అంది తూనీగ.

"తెలుసా?"

"ఆ రోజు హాలు బయట నువ్వు మూడుసార్లు వంగి షూ లేసులు కట్టుకున్నావు. ఇంటర్వ్యూ నాదో నీదో తెలియలేదు."

ఆయనకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆమె మొహం ముడుచుకుపోయింది. బోర్డు దగ్గర నుంచీ పంటి బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"చాలా బాగా చెప్పాను నాన్నా. నిజంగా. అన్నిటికీ చెప్పాను. అయినా రాలేదు."

"అవునమ్మా."

పదకొండేళ్ళుగా ఇలాంటి పిల్లలకి ఆయన చెప్పే మాట ఒకటుంది. ఇది కాకపోతే ఇంకోటి అని. ఆ పూట అది నోటిదాకా రాలేదు. కూతురి సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. ఇద్దరూ మెల్లగా ఇల్లు చేరారు.

తలుపు తీసిన తల్లి ఇద్దరి కళ్ళూ ఒక్కసారి చూసింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "రా, తిందువుగాని," అంది. నానమ్మ తన పళ్ళెంలోని గుడ్డు తీసి తూనీగ పళ్ళెంలో వేసి, "దూకావుగా. అది చాలు ఈ పూటకి," అంది. ఆ పిల్ల మూడు రొట్టెలు తిని, తొమ్మిదికల్లా నిద్రపోయింది.

ఆ నెలాఖరున విశ్వవిద్యాలయం మైదానంలో ఉద్యోగమేళా జరిగింది. టెంట్లు, మైకులు, ఉచితంగా పంచే పెన్నుల కోసం తోపులాట. పెద్ద కంపెనీల ముందు జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. ఓ మూల గాలికి బ్యానరు ఎగిరిపోయిన బల్ల ఒకటి ఉంది. దాని వెనక నీటిపారుదల శాఖ ఇంజనీరు ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. నది మీది వంతెనల దగ్గర నీటిమట్టం కొలిచే పరికరాలు చూసుకోవడానికి మనుషులు కావాలి. వరద వస్తే దిగువ ఊళ్ళకి ముందుగా కబురందేది వాటివల్లే.

తూనీగ ఏదో అడగడానికి ఆగి, గంటన్నర కూర్చుండిపోయింది. ఆవిడ కాగితం మీద బొమ్మలు వేసి చూపించింది. ఇంకో కుర్చీ లేక తూనీగ ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. ఆయన దూరం నుంచి ఒకసారి చూశాడు. దగ్గరికి వెళ్ళలేదు. తర్వాత రాతపరీక్ష, ఆ తర్వాత ఇంకో ఇంటర్వ్యూ. మే నెలలో ఉత్తరం వచ్చింది.

"సముద్రం కాదుగా," అంది తల్లి, కూతురి మొహంలోకి జాగ్రత్తగా చూస్తూ.

"కాదమ్మా. కానీ ఇది నాకు నచ్చింది. కావాలంటే నా కళ్ళు చూసుకో."

తల్లి చూసుకుంది. కనుపాపల్లో ఎక్కడా తేడా లేదు. అప్పుడు వెళ్ళి కేకు తెచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఉదయం తూనీగకి డ్యూటీ పడింది. వంతెన ఇంటికి గంట దూరం. చూద్దామని ముగ్గురూ అద్దె కారులో బయల్దేరారు. నానమ్మ గొడుగు, తల్లి టిఫిన్ డబ్బా, ఆయన ఖాళీ చేతులు.

నది నిండుగా, బురద రంగులో పారుతోంది. నారింజ రంగు కోటు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని, నడుముకి తాడు తగిలించుకుని తూనీగ వంతెన పక్క ఇనుప నిచ్చెన దిగుతోంది. సగం దిగాక గోడకి బిగించిన పెట్టె తెరిచి, లోపల ఏదో బిగించి, నీళ్ళలో నిలబెట్టిన అంకెల పలక వైపు వంగి చూసింది. ఫోనులో గట్టిగా ఒక అంకె చెప్పింది. అవతలివాళ్ళకి వినబడలేదేమో, ఇంకా గట్టిగా మళ్ళీ చెప్పింది.

"ఆ గొంతు నాదే," అంది నానమ్మ గర్వంగా.

"అత్తయ్యా, కాస్త వెనక్కి రండి, జారుతుంది," అంటూ తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్ళు మాత్రం నిచ్చెన మీదే ఉన్నాయి.

ఆయన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎన్ని వందలమంది పేర్లు బోర్డుకి అతికించాడో లెక్కలేదు. అతికించి, మర్నాడు ఇంకో కంపెనీ, ఇంకో కాగితం. అక్కడితో తన పని అయిపోయిందనుకునేవాడు. ఆ కాగితం తర్వాత ఆ పిల్లలు ఎక్కడికి వెళ్ళారో, ఏ నిచ్చెనలు దిగారో, ఎవరి కోసం గొంతు పెంచి అంకెలు చెప్పారో ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. తను ఉద్యోగానికి పంపిన మనిషి పని చేస్తుండగా చూడటం ఇదే మొదటిసారి. కళ్ళు నిండిపోయాయి. ఈసారి తుడుచుకోలేదు.

కింద నుంచి తూనీగ తల పైకెత్తింది. ముగ్గుర్నీ చూసి, చెయ్యి ఊపబోయి, నిచ్చెన వదలకూడదని గుర్తొచ్చి ఆగింది.

"నాన్నా! చలిగా ఉంటే కారులో కూర్చోండి! నాకింకా అరగంట పడుతుంది!"

"ఫరవాలేదమ్మా," అన్నాడు ఆయన, నీళ్ళ హోరు మీదుగా వినబడేలా. "నువ్వు నీ పని చూసుకో. మేం ఇక్కడే ఉన్నాం."